హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం

హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం మధ్యప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 1972 నుంచి 2002 వరకు నడిచిన ప్రయోగం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురైదుగురు కలిసి ప్రయోగం తామే చేసి, చూసినది రాసుకొని, తోటివారితో వాదించి తేల్చుకుంటూ సైన్సు నేర్చుకోవాలన్నది దీని పద్ధతి. నర్మద ఒడ్డున ఉన్న హోషంగాబాద్ జిల్లా పేరు ఇప్పుడు నర్మదాపురం. మన దేశంలో చేతులతో చేసి నేర్చుకునే సైన్సు గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ జిల్లా ప్రస్తావన రాక తప్పదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 19వ శతాబ్ది చివర్లోనే పిల్లలు స్వయంగా కనుక్కోవాలని పట్టుబట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బడులు కూలిపోయిన దేశాల ఉపాధ్యాయుల కోసం జె.పి. స్టీఫెన్‌సన్ ఒక చిన్న పుస్తకం రాశాడు. 1948లో వచ్చిన ఆ పుస్తకమే పెరిగి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసే ప్రయోగాల సంకలనంగా 1956లో యునెస్కో పేరిట వెలువడింది. అదే ఏడాది అమెరికాలో జెరాల్డ్ జకరయాస్ నాయకత్వంలో హైస్కూలు భౌతికశాస్త్ర బోధనను తిరగరాసే పని మొదలైంది. మరుసటి ఏడాది స్పుత్నిక్ ఎగరడంతో దానికి డబ్బుకు కొదవ లేకపోయింది. భారతదేశంలో బి.జి. పిత్రే తదితరులు అఖిల భారత సైన్సు ఉపాధ్యాయుల సంఘం తరఫున ప్రయోగాల ద్వారా భౌతికశాస్త్రం నేర్పే పుస్తకాన్ని తయారుచేశారు. అయితే అది ఎక్కువగా పేరున్న ఇంగ్లిషు మీడియం బడుల్లో సాగిన పని. లాబొరేటరీ మాట అటుంచి బెంచీలు కూడా లేని పల్లెటూరి బడిలో, హిందీలో, మామూలు ప్రభుత్వ ఉపాధ్యాయుడి చేత ఇదంతా జరుగుతుందా? హోషంగాబాద్‌లో తేల్చుకోవాల్సిన ప్రశ్న అది.

టాటా మౌలిక పరిశోధన సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు అనిల్ సద్గోపాల్ కిశోర్ భారతి అనే సంస్థను స్థాపించారు. రసూలియాలోని క్వేకర్ల గ్రామీణ కేంద్రంతో కలిసి ఆ సంస్థ ప్రభుత్వాన్ని అనుమతి అడిగింది. 1972లో 16 పాఠశాలల్లో పని మొదలైంది. టాటా సంస్థ శాస్త్రవేత్తలు తొలి అండగా నిలిచారు, 1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులూ తోడయ్యారు. సెలవులు వదులుకొని పరిశోధకులు ఎండాకాలపు మధ్యప్రదేశ్‌కు వచ్చి ఆరో తరగతి పాఠాల మీద పంతుళ్లతో గంటల తరబడి తలపడటం ఆ రోజుల్లో కనీవినీ ఎరగనిది.

ఈ కార్యక్రమం పాఠ్యపుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’. అందులో ప్రయోగం ఎలా చేయాలో ఉంటుంది, ప్రశ్నలుంటాయి. జవాబులు మాత్రం అచ్చులో ఉండవు. నిర్వచనాలు, సూత్రాలు పిల్లల నోటుపుస్తకంలో, వాళ్ల మాటల్లో పుట్టాలి. కార్యక్రమం ఆయువుపట్టు ఇదే. తక్కిన విశేషాలన్నీ ఈ ఖాళీని నిలబెట్టడానికి పుట్టినవేనని చెప్పాలి.

కొలతల పాఠం తీసుకుంటే సంగతి తెలుస్తుంది. ఒకే దూరాన్ని తరగతిలో అందరూ కొలుస్తారు. అందరి చేతిలోనూ స్కేలే, అయినా అంకెలు కలవవు. మామూలు తరగతిలో ఇక్కడ పంతులు కలగజేసుకొని సరైన అంకె చెప్పేస్తారు, పిల్లలు తమది కొట్టేసి అది రాసుకుంటారు. ఈ పద్ధతిలో మాత్రం అందరి అంకెలూ బోర్డు మీదికి ఎక్కుతాయి. ఏ అంకె ఎందరికి వచ్చిందో లెక్కపెట్టి గడుల కాగితం మీద నిలువు పట్టీలుగా గీస్తారు. ఎక్కువమంది అంకెలు ఒకచోట గుమిగూడటం, ఒకటి రెండు మాత్రం దూరంగా పడటం కళ్లకు కడుతుంది. దూరంగా పడ్డవాడు స్కేలును ఎక్కడ ఆనించాడో చూసేందుకు పిల్లలే లేస్తారు. కొలతలో తేడా సహజమనీ, దానికి కారణాలు వెతకాలనీ పదకొండేళ్లకే తెలియడం చిన్న విషయం కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో చేరాక కూడా రికార్డులో పక్కవాడి రీడింగు ఎక్కించుకునే అలవాటు మనకు కొత్త కాదు కదా.

కిట్టు విషయంలో పొదుపు పాటించారు. పరీక్షనాళికలు, కటకాలు, అయస్కాంతాల వంటివి కొన్నా, సంతలో దొరికే వాటికే మొగ్గు. ఐఐటీ కాన్పూరులో చదివి పుణేలోని టెల్కో కంపెనీలో పనిచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి ఇక్కడికి వచ్చారు. సైకిలు వాల్వులో వాడే సన్నటి రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలు చేసి, వాటి చివర్లలోకి అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టే పద్ధతి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. మూడు పుల్లలు, మూడు ముక్కలతో త్రిభుజం తయారవుతుంది. మూల మీద వేలితో నొక్కితే కదలదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కగానే పక్కకు ఒరుగుతుంది. మూలకు మూల ఒక అడ్డుపుల్ల వేస్తే బిగుసుకుంటుంది, ఎందుకంటే ఇప్పుడు దానిలో రెండు త్రిభుజాలున్నాయి. మూడేసి పుల్లలు కలిసే కీలు కావాలంటే రబ్బరు ముక్కకు తుమ్మముల్లుతో రంధ్రం చేసి మూడో పుల్లను గుచ్చాలి. రైలు వంతెన మీదా, కరెంటు టవరు మీదా త్రిభుజాలే ఎందుకు కనిపిస్తాయో ఆ తర్వాత వేరే చెప్పనక్కర్లేదు.

జవాబు లేని పుస్తకం పంతులికి కత్తిమీద సాము. అందుకే శిక్షణ మీద ఎంతో శ్రమపడ్డారు. మూడు వేసవుల్లో ఏడాదికి మూడేసి వారాలు ఉపాధ్యాయులు పిల్లల్లాగే కింద కూర్చొని, ఏ ప్రయోగాన్నీ వదలకుండా చేసేవారు. బడి తెరిచాక నెలకోసారి కలుసుకొని ఎక్కడ ఆగిపోయారో చెప్పుకొనేవారు. తరగతిలో నిలవని ప్రయోగం తర్వాతి ముద్రణలో మారేది. పరీక్ష కూడా మారింది. ఎనిమిదో తరగతి పరీక్షను పిల్లలు పుస్తకం, తమ నోట్సు దగ్గర పెట్టుకొని రాసేవారు, ప్రయోగ పరీక్షకూ మార్కులుండేవి. పుస్తకం తెరిచి ఉన్నా జవాబు దొరకని ప్రశ్నలు తయారుచేయడం ఉపాధ్యాయులకు ఏటా పెద్ద పని. పిల్లల ప్రశ్నలకు జవాబులిచ్చేందుకు సవాలీరామ్ అనే పాత్రను కల్పించారు. అతనికి ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది.

1978లో కార్యక్రమం జిల్లా మొత్తానికి విస్తరించింది. నిర్వహణ కోసం 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడింది. పిల్లల మాసపత్రిక ‘చక్‌మక్’ 1985లో అక్కడి నుంచే వచ్చింది. కార్యక్రమం క్రమంగా పదిహేను జిల్లాల బడుల్లోకి పాకింది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆపేసి, మిగతా రాష్ట్రంలో ఉన్న పుస్తకాలనే ఇక్కడా పెట్టింది. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు హైస్కూలుకు వెళ్లాక వెనకబడుతున్నారన్నది వినిపించిన ఫిర్యాదుల్లో ఒకటి. పలువురు శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు నిరసన తెలిపినా నిర్ణయం మారలేదు. ఎనిమిది దాకా ఆలోచించమని, తొమ్మిదిలో బట్టీ పట్టమని చెప్పే చదువులో తప్పు పిల్లలమీదికి నెట్టడం న్యాయం కాదు. కార్యక్రమానికి నిజమైన లోటు, పై తరగతులకు దాన్ని పొడిగించలేకపోవడమే.

తెలుగు బడుల్లో దీని జాడ పరోక్షంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాలు కృత్యాల చుట్టూ అల్లుకున్నవి. వాటి రూపకల్పనలో ఉదయ్‌పూర్‌లోని విద్యాభవన్ తోడ్పడింది. ఏకలవ్య తొలి సభ్యుల్లో ఒకరైన హృదయకాంత్ దీవాన్ పనిచేసిన సంస్థ అది. అరవింద్ గుప్తా పుస్తకాలు కొన్ని తెలుగులోనూ వచ్చాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి వేరే దారి పట్టింది. పరికరాలను వ్యాన్లలో బడి దగ్గరికి తీసుకెళ్లి చూపించి, చేయించే పద్ధతి దానిది.

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలకు త్రీడీ ప్రింటర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు అందిస్తున్నాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. హోషంగాబాద్ పంతుళ్లకు కలలో కూడా అందని సొమ్ము ఇది. ఆ పంతుళ్లకు ఉండిన నెలవారీ సమావేశం, తెరిచిన పుస్తకంతో పరీక్ష మాత్రం ఈ పథకంలో భాగం కావు.

కార్యక్రమంలో ఏళ్ల తరబడి పనిచేసిన సుశీల్ జోషి హిందీలో రాసిన ‘జశ్న్-ఎ-తాలీమ్’ దీని సమగ్ర చరిత్ర. ఏకలవ్య దాన్ని ప్రచురించింది.