పేరంటము నుండి స్త్రీసమాజము వఱకు

ఆంధ్రదేశమున స్త్రీ లొండొరుల కష్టములయందుఁ దోడుపడు నాచారము క్రొత్తది గాదు. పురుడు, పెండ్లి, వ్రతము, మరణము మున్నగు సమయములయం దిరుగుపొరుగు స్త్రీలు పిలువకయే వచ్చి పనుల నందుకొనుట తరతరములుగా నున్న మర్యాద. ఈ మర్యాదకు నియతరూపము పేరంటము. పసుపుకుంకుమలు, తాంబూలము, నానఁబెట్టిన సెనగలు, మంగళహారతులు దాని బాహ్యాంగములు. గడప దాఁటుట కవకాశము తక్కువగా నున్న కాలమున నొక యింటి స్త్రీ వేఱొక యింటి స్త్రీతో మనసు విప్పి మాటలాడుట దాని యంతరంగము.

అయిన నీ వ్యవస్థయం దొక లోపము గలదు. పేరంటమునకుఁ బిలుపు సువాసినులకే. భర్తను గోల్పోయిన స్త్రీ కా గడప మూసియుండెను. తోడు మిక్కిలి యవసరమైనవారే తోడు దొరకు చోటికి వెలియైరి. కాఁబట్టి స్త్రీల పరస్పర సాహాయ్యచరిత్రమును విచారించువారు, ఎవ్వరు చేరిరని మాత్రమే కాక, ఎవ్వరు పిలువఁబడకుండిరని కూడ నడుగవలసి యున్నది.

ఆ మూసిన గడపను దెఱచినవారిలో కందుకూరి రాజ్యలక్ష్మమ్మ (1851-1910) మొదట స్మరింపఁదగినది. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు ప్రథమ వితంతువివాహమును జరిపించిరి. బంధువులు దూరమైరి; వంటవారును, నీళ్లు తెచ్చువారును రాకపోయిరి. అప్పు డామెయే గోదావరినుండి నీరు దెచ్చి వంట చేసెను. అటుపిమ్మట వితంతుశరణాలయమునఁ జేరిన బాలికలకు సంతానము లేని యామెయే తల్లి యయ్యెను. శాస్త్రవాదములు పత్రికలలోను, సభలలోను జరిగినవి. ఇల్లు విడిచి వచ్చిన బాలికకు అన్నము పెట్టి యోదార్చు పని మాత్ర మామె చేతులమీఁదఁ బడెను. ఈ రెండవ పని లేక మొదటిది నిలుచునది గాదు. కాని యిది యొక్క యింటి నీడ; ఒక్కరి భుజములపై నిలిచిన భారము.

ఆ భారమును బలువురు పంచుకొను మార్గమును భండారు అచ్చమాంబ (1874-1905) చూపెను. సోదరుఁడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ప్రోత్సాహమున నింటనే చదువు నేర్చినది. కన్న బిడ్డ లిరువురును బాల్యముననే గతించిరి. అట్టి దుఃఖములోనుండియు నామె 1902వ సంవత్సరమున మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబతోఁ గలసి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను. మఱుసటి యేఁట నూరూరను దిరిగి యిట్టి సమాజము లేర్పడుటకుఁ దోడ్పడెను. పేరంటమున స్త్రీలు గూడుటకు నిమిత్తము మాంగల్యము. సమాజమున నిమిత్తము విద్య. ఈ భేదము స్వల్పము గాదు. మాంగల్యము దైవాధీనము, విద్య యొకరినుండి యొకరు పొందఁగలది. అచ్చమాంబ రచించిన అబలాసచ్చరిత్రరత్నమాలయు నీ తలంపునకే చెందినది. స్త్రీలు బలహీనులు, వివేకశూన్యులు నను నిందను ద్రోయుటకుఁ బూర్వస్త్రీల చరిత్రముల నామె కూర్చెను. జీవించియున్నవారికిఁ గతించినవారిచేఁ జేయూత నిప్పించుట యిదియే. ఐన నక్షరజ్ఞానమునకు నోఁచుకోని శ్రామికస్త్రీ లీ తొలి సమాజములకు దూరముగనే యుండిరి. మూసిన గడప యొకటి తెఱవఁబడఁగా వేఱొకటి మిగిలెను.

ఈ మిగిలిన గడపను గుఱించి యోచించినది దుర్గాబాయి (1909-1981). ఎనిమిదేండ్ల ప్రాయమునఁ దనకుఁ జేయఁబడిన వివాహబంధమును బెద్దయైన పిమ్మట విడిచినది. కాకినాడలో బాలికగా నున్నప్పుడే తాను నేర్చిన హిందీని స్త్రీలకు బోధించెను. 1937లో మదరాసున నామె స్థాపించిన ఆంధ్రమహిళాసభ, బడి మానిన స్త్రీలను కాశీ హిందూవిశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచెను. 1953లో నేర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి మొదటి యధ్యక్షురాలు నామెయే. వయసు మీఱిన స్త్రీలు తక్కువ కాలమునఁ జదువు ముగించుటకు 1958లో నా మండలి సంక్షిప్త విద్యాక్రమమును బ్రారంభించెను. వితంతువులు, భర్త విడిచినవారు, బడి మానినవారు - పూర్వము పిలుపునకు నోఁచుకోనివారే యిచ్చట మొదట పిలువఁబడిరి.

ముగ్గురి మార్గములును వేఱు. ఒకతె యిల్లు తెఱచెను. ఒకతె సమాజమును గూర్చెను. ఒకతె సంస్థను నిలిపెను. పేరంటముననున్న యాత్మీయతను వీరెవ్వరును ద్రోసివేయలేదు. పిలుపుల పట్టికను మాత్రము పెంచిరి. స్త్రీలు కూడియుండు ప్రతి చోటను, ఆ పట్టికలో నింకను జేరని పేరేదో వెదకుటయే యీ చరిత్రము నేర్పు పాఠము.