వయసు మీరిన రక్షణ వ్యవస్థ

వయసుతోపాటు శరీర రక్షణ వ్యవస్థలో వచ్చే మార్పులను వైద్య పరిశోధకులు ఇమ్యునోసెనెసెన్స్ అంటారు. తెలుగులో రోగనిరోధక వార్ధక్యం అనుకోవచ్చు. పెద్దవాళ్లకు శక్తి తగ్గిందని ఇళ్లల్లో చెప్పుకునే మాట ఇందులో సగం సంగతే చెబుతుంది. కొత్త క్రిమిని పసిగట్టి ఎదుర్కొనే వేగం తగ్గడం నిజమే. దాంతోపాటే, అవసరం లేని చోట వాపు ప్రక్రియ సన్నగా, ఎడతెగకుండా సాగుతుంటుంది. న్యుమోనియా, ఫ్లూ, క్షయ, అక్కి మొదటి లోపాన్ని ఆసరా చేసుకుంటాయి. రక్తనాళాలు పూడుకుపోవడంలో, కండ కరిగిపోవడంలో రెండోదాని చెయ్యి ఉంది. ఎనభై ఏళ్ల మనిషికి న్యుమోనియా వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. జ్వరానికి బదులు పొంతన లేని మాటలు, తూలిపడటం, అన్నం వద్దనడం కనిపిస్తాయి. జ్వరం లేదు కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకోవడంతో చికిత్స ఆలస్యమవుతుంది.

ముందుగా చెప్పుకోవాల్సింది థైమస్ గ్రంథి గురించి. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే ఈ మెత్తటి అవయవానికి పెద్దగా పనేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 1961లో లండన్‌లో పనిచేస్తున్న జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూశారు. అవి ఇన్‌ఫెక్షన్లతో చిక్కి శల్యమయ్యాయి. వేరే ఎలుకల చర్మం అతికిస్తే తిరస్కరించలేకపోయాయి. మూలుగలో పుట్టిన కణాలు థైమస్‌కు చేరి టీ కణాలుగా తయారవుతాయనీ, సొంత శరీరంపై దాడి చేసే రకాలను ఆ గ్రంథి అక్కడే ఏరిపారేస్తుందనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇంత కీలకమైన ఈ గ్రంథే మిగతా అవయవాలకంటే ముందు ముసలిదవుతుంది. చిన్నతనంలోనే కుదించుకుపోవడం మొదలై, యవ్వనం దాటాక దాని స్థానంలో కొవ్వు పేరుకుంటుంది. అరవై ఏళ్లు వచ్చేసరికి కొత్త టీ కణాల రాక బాగా సన్నగిల్లుతుంది.

పెద్దయ్యాక దాంతో అవసరం తీరిపోయిందన్న నమ్మకంతో, గుండె ఆపరేషన్లలో అడ్డొస్తే తీసేయడం సర్జన్లకు మామూలే. ఆ నమ్మకాన్ని బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు పరీక్షకు పెట్టి, 2023లో ఫలితాలు ప్రచురించారు. థైమస్ తీసేసిన 1,146 మంది పెద్దలను, ఛాతీ ఆపరేషన్ జరిగినా థైమస్ పోనివారితో పోల్చారు. ఐదేళ్లలో మొదటి వర్గంలో 8.1 శాతం మంది, రెండో వర్గంలో 2.8 శాతం మంది చనిపోయారు. క్యాన్సర్ కూడా సుమారు రెట్టింపు కనిపించింది. ఇది పాత రికార్డులను తిరగేసి చేసిన పోలిక కాబట్టి కారణం థైమసేనని ముద్ర వేయలేం. పనికిరాని అవయవమన్న మాట మాత్రం ఇక చెల్లదు.

కొత్తవి రాకపోతే ఉన్న టీ కణాలతోనే నెట్టుకురావాలి. వాటిలో ఎక్కువ భాగం పాత శత్రువుల జ్ఞాపకాన్ని మోసేవే. సైటోమెగలోవైరస్ సంగతే చూడండి. భారతీయుల్లో అత్యధికుల ఒంట్లో ఇది చిన్నప్పుడే గుట్టుగా చేరి, ఏ ఇబ్బందీ పెట్టకుండా జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని అణచి ఉంచే టీ కణాలు మాత్రం ఏళ్ల తరబడి సంఖ్య పెంచుకుంటూ పోతాయి. పెళ్లి పందిట్లో కుర్చీలన్నీ ఒకే ఊరివాళ్లు ముందే వచ్చి పట్టేసినట్టు, కొత్తవారికి చోటు మిగలదు. స్వీడన్‌లోని యోన్‌షోపింగ్‌లో బాగా వయసు మళ్లినవారిని ఏళ్లపాటు గమనించిన ఆక్టో, నోనా అధ్యయనాల్లో ఈ పరిస్థితికీ ఆయుష్షుకూ సంబంధం కనిపించింది. సీడీ4, సీడీ8 అనే రెండు ప్రధాన టీ కణాల నిష్పత్తి తలకిందులైనవారు మిగతావారికంటే ముందుగా చనిపోయారు. వారిలో ఎక్కువమందికి ఈ వైరస్ ఉంది.

సన్నగా సాగే వాపు ప్రక్రియకు ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. విభజన ఆపేసినా చావకుండా మిగిలిపోయి వాపు రసాయనాలను వదిలే ముదిరిన కణాలు దానికొక కారణం. మూలుగలో జన్యుమార్పు చెందిన ఒకే మూలకణం సంతతి రక్తాన్ని ఆక్రమించడం మరొకటి. డెబ్బై దాటినవారిలో పది శాతానికి పైగా ఈ రెండో స్థితి ఉందని 2014లో వెలువడిన అధ్యయనాలు చెప్పాయి. రక్త క్యాన్సర్ ముప్పుతోపాటు గుండెజబ్బు ముప్పూ దాంతో పెరుగుతుంది. అయితే వాపును అణచేస్తే సరిపోతుందా? గుండెపోటు నుంచి కోలుకున్న 10,061 మందిపై జరిగిన కాంటోస్ ప్రయోగ ఫలితాలు 2017లో వచ్చాయి. వాపును రేపే ఒక అణువును అడ్డుకునే కనకినుమాబ్ అనే మందు గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే సుమారు 15 శాతం తగ్గించింది. కానీ ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. మందు ఒకవైపు లాభం తెస్తే రక్షణ వ్యవస్థ ఇంకోవైపు మూల్యం రాబట్టింది.

వృద్ధుల నిరోధకశక్తి గురించి అందరికంటే ఎక్కువ నేర్పిన జబ్బు అక్కి. దీన్నే సర్పి అనీ అంటారు. నడుముకో, రొమ్ముకో ఒకవైపే పట్టీలా పొక్కులు, వాటి వెంట మంటలు. పల్లెల్లో కుమ్మరి చేత జాజుతో అక్కి రాయించుకునే ఆనవాయితీ ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. పొక్కులు కొన్ని వారాల్లో వాటంతటవే మానతాయి కాబట్టి ఆ వైద్యానికి మంచి పేరే నిలిచింది. ఈలోగా, ఎసైక్లోవిర్ వంటి మందులు బాగా పనిచేసే మొదటి మూడు రోజులు గడిచిపోతాయి. మచ్చలు మాసినా నెలల తరబడి నిద్రపోనివ్వని నరాల నొప్పి మిగిలితే, దాని బాధ పడేది ఎక్కువగా పెద్దవాళ్లే.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే దశాబ్దాల తర్వాత అక్కిగా లేస్తుందన్న వాదనకు బలమిచ్చింది ఓ ఊరి డాక్టరు. ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్‌లో ప్రాక్టీసు చేసిన ఎడ్గర్ హోప్-సింప్సన్, పదహారేళ్లలో తన దగ్గరికొచ్చిన 192 అక్కి కేసుల లెక్క రాసి 1965లో ప్రచురించారు. వయసుతోపాటు కేసులు పెరిగాయి. వైరస్ నరాల ముడుల్లో దాక్కుంటుందనీ, నిరోధకశక్తి ఒక స్థాయి కంటే తగ్గినప్పుడు లేస్తుందనీ ఆయన ఊహించారు. ఆ ఊహ నిలబడింది.

అలాంటప్పుడు టీకాతో ఆ శక్తిని మళ్లీ లేపవచ్చు. పిల్లల ఆటలమ్మ టీకాను సుమారు 14 రెట్లు బలంగా చేసి తెచ్చిన జోస్టావాక్స్‌ను 38,546 మందిపై పరీక్షించి 2005లో ఫలితాలు వెల్లడించారు. అక్కి సగానికి తగ్గింది. డెబ్బై దాటినవారిలో మాత్రం రక్షణ 38 శాతమే, అంటే అవసరం ఎక్కువున్నచోటే పని తక్కువ. తర్వాత వచ్చిన షింగ్రిక్స్ టీకా తయారీలో దారి మార్చారు. బతికున్న వైరస్‌కు బదులు దాని పైపొరలోని ఒక్క ప్రొటీన్‌ను తీసుకుని, మొద్దుబారిన కణాలను తట్టిలేపే సహాయక ద్రవ్యం కలిపారు. అందులో ఒక భాగం చిలీలో పెరిగే ఓ చెట్టు బెరడు నుంచి వస్తుంది. డెబ్బై దాటినవారిలోనూ రక్షణ 90 శాతం దగ్గరికి చేరింది. ముసలి ఒంట్లో నిరోధకశక్తి చావలేదనీ, దాన్ని పిలిచే పద్ధతే తప్పనీ ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ ఇంకొకటి లేదు. దాంతో పోలిస్తే, 65 దాటినవారి కోసం నాలుగు రెట్ల మోతాదుతో చేసిన ఫ్లూ టీకా మామూలు ఫ్లూ టీకా కంటే ఇచ్చిన అదనపు లాభం సుమారు 24 శాతమే.

జోస్టావాక్స్ కథకు అనుకోని కొసరు వేల్స్ నుంచి వచ్చింది. అక్కడ 2013 సెప్టెంబరులో టీకా మొదలుపెట్టినప్పుడు 1933 సెప్టెంబరు 2కు ముందు పుట్టినవారికి అర్హత లేదని గీత గీశారు. గీతకు అటూ ఇటూ కొద్ది వారాల తేడాతో పుట్టినవారిని పోల్చిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. టీకా వేయించుకున్నవారిలో ఏడేళ్లలో డిమెన్షియా ఐదోవంతు తక్కువ. ఈ ప్రభావం స్త్రీలలో ఎక్కువ కనిపించింది.

కొవిడ్ కాలంలో ఇంకో లోపం బయటపడింది. డెబ్బై దాటినవారిలో సుమారు నాలుగు శాతం మందికి, వైరస్‌లపై మొదట స్పందించే ఇంటర్‌ఫెరాన్లనే దెబ్బతీసే సొంత యాంటీబాడీలు ముందునుంచే ఉన్నాయి. కొవిడ్‌తో చనిపోయినవారిలో ఇలాంటివారు ఐదోవంతు దాకా ఉన్నారు.

టీకాలకు అవతల, వయసునే వెనక్కి తిప్పే ప్రయత్నాలు నడుస్తున్నాయి. వాటిని కాస్త అనుమానంతో చూడటమే మేలు. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికిన రాపమైసిన్‌కు దగ్గరి మందు ఒకటి పెద్దవారిలో ఫ్లూ టీకాకు స్పందనను 20 శాతం మేర పెంచిందని 2014లో పరిశోధకురాలు జోన్ మానిక్ బృందం చెప్పింది. అదే దారిలో వచ్చిన ఆర్‌టీబీ101 మందు 2019లో పెద్ద ప్రయోగంలో శ్వాసకోశ జబ్బులను తగ్గించలేక ఆగిపోయింది. గ్రోత్ హార్మోన్‌తో థైమస్‌ను తిరిగి పెంచామన్న 2019 నాటి వార్త వెనక ఉన్నది తొమ్మిది మంది మగవారే.

భారత్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమం మాత్రం పిల్లలనూ గర్భిణులనూ దృష్టిలో పెట్టుకుని నిర్మించింది. 2023లో ఇక్కడి మార్కెట్లోకి వచ్చిన షింగ్రిక్స్‌ను సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కొంత మినహాయింపు క్షయ విషయంలో ఉంది. 2024లో అనేక రాష్ట్రాల్లో పెద్దలకు బీసీజీ టీకా వేసే కార్యక్రమం మొదలైంది. మధుమేహులు, పొగతాగేవారు, గతంలో క్షయ సోకినవారితోపాటు అరవై దాటినవారినీ అందులో ఒక వర్గంగా చేర్చారు.