గణాంక పటాల్లో తరగతుల విభజన

జనసాంద్రత, అక్షరాస్యత వంటి అంకెలను పటంపై రంగుల ఛాయలతో చూపేముందు వాటిని కొన్ని తరగతులుగా విడగొట్టే పద్ధతులివి. అంకెలు మారకపోయినా, హద్దులు మారితే పటం వేరే కథ చెబుతుంది.

సమాన అంతరాల పద్ధతిలో కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య దూరాన్ని సమభాగాలు చేస్తారు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదరపు కిలోమీటరుకు ఆదిలాబాదు జనసాంద్రత 170. హైదరాబాదుది 18 వేల పైమాటే. ఐదు తరగతులు చేస్తే ఒక్కోదాని వెడల్పు దాదాపు 3,600. అప్పుడు హైదరాబాదు తప్ప మిగతా 22 జిల్లాలూ ఒకే లేత రంగులో కలిసిపోతాయి, నడుమ మూడు తరగతులు ఖాళీగా మిగులుతాయి. సమసంఖ్యా పద్ధతిలో తరగతికి నాలుగైదు జిల్లాలు వస్తాయి. పటం చూడముచ్చటగానే ఉంటుంది గానీ, హైదరాబాదుకూ 500 పైచిలుకు సాంద్రత ఉన్న కృష్ణాకూ ఒకే ముదురు రంగు పడుతుంది.

అమెరికా పటకారుడు జార్జ్ జెంక్స్ 1967లో వివరించిన సహజ విరామాల పద్ధతి తరగతి లోపలి తేడాలను వీలైనంత తగ్గిస్తుంది. హైదరాబాదు విడిగా నిలుస్తుంది. అయితే ఆ హద్దులు ఆ అంకెలకే చెల్లుతాయి. 2001, 2011 పటాలను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే రెండింటికీ ఒకే స్థిర హద్దులు పెట్టాల్సిందే. సగటు నుంచి దూరాన్ని కొలిచే ప్రామాణిక విచలన పద్ధతి ఇంత ఒంటివైపు వాలిన అంకెలకు నప్పదు.