పసివాని ఊపిరి లెక్క



పసిపిల్లకు పడిశము పట్టని యిల్లుండదు. ముక్కు కారును, దగ్గు వచ్చును, నాలుగు దినములలో పోవును. కాని యే యొక్క బిడ్డకో ఆ రొంప రొమ్ములోనికి దిగి డొక్క లెగురవేయును. అట్టి తరుణమున మన పల్లెలలో కడుపుపై వాతలు పెట్టినవారు కలరు. వాతవలననే బ్రదికితిమని చెప్పుకొను పెద్దలను నే నెరుగుదును. వాత పెట్టినను పోయినవారు వచ్చి చెప్పుకొనలేదు గదా!

1816లో ఫ్రాన్సుదేశపు లెన్నెక్ వైద్యుడు గొట్టము కనిపెట్టిన నాటనుండి రొమ్ము విని రోగము నెరుగుట వైద్యుల పని యైనది. మరి వైద్యుడే లేని చోట నేమి గతి? దీనికి సమాధానము ఆస్ట్రేలియా కుత్తరమున నున్న పాపువా న్యూగినీలో దొరకినది. ఆ దేశమున సముద్రతీరపు పల్లములలో మలేరియా జ్వరము ప్రబలము. కొండసీమలలో నది తక్కువ. అచ్చట బిడ్డలను హరించునది న్యుమోనియా. రాత్రులు చలి; ఇంటి నడుమనే నెగడు, పొగ పోవ దారి లేదు. పుట్టిన కొలది వారములకే రోగక్రిములు శిశువుల ముక్కులలో నివాస మేర్పరచుకొనును. ఆ కొండలలోని గొరోకా పట్టణపు ఆసుపత్రిలో ఫ్రాంక్ షాన్ మొదలగు వైద్యులు 1984లో ఒక సులభమైన గుర్తును ప్రకటించిరి. దగ్గుచున్న బిడ్డ నిమిషమునకు 50 సారులకు మించి ఊపిరి తీసినచో న్యుమోనియా యని భావించి మందీయవచ్చును. గొట్ట మక్కరలేదు, కన్నులు చాలును. పిమ్మట ప్రపంచ ఆరోగ్యసంస్థ వయస్సునుబట్టి హద్దు లేర్పరచినది: రెండు నెలల లోపువారికి 60, ఏడాది లోపువారికి 50, అయిదేండ్ల లోపువారికి 40.

ఇక మన పొరుగునకు వత్తము. ప్రాణహిత కావలియొడ్డున మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లా కలదు. అందలి సిరోంచ ప్రాంతమున తెలుగు వినబడును. అడవి పల్లెలు, దూరపు ఆసుపత్రులు. తక్కువ తూకముతో పుట్టు శిశువులు, చాలని తిండి, వంటపొయ్యి పొగ: ఇవన్నియు ఎచ్చట నున్నను ఈ రోగమునకు తోడ్పడునవే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1988లో అచ్చట 58 గ్రామములలో ఊరివారికిని మంత్రసానులకును ఊపిరి లెక్కించుట, మందిచ్చుట నేర్పించిరి. మరి 44 గ్రామములను పోల్చి చూచుటకై యుంచిరి. 1990లో ఫలితములు వెలువడినవి. పోల్చి చూచిన గ్రామములలో అయిదేండ్ల లోపు పిల్లలు వేయింటికి 17.5 మంది న్యుమోనియావలన మరణింపగా, మందు చేరిన గ్రామములలో 8.1 మంది మాత్రమే మరణించిరి. ఏరు దాటి పట్టణమునకు పోకుండగనే యింత జరిగినది. నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన దీ సంగతియే.

అయితే ఒక చిక్కు కలిగినది. మంత్రసానులలో పెక్కండ్రకు ఏబదివరకు లెక్క రాదు. అందుకు బంగ్ దంపతులు వారిని తప్పింపలేదు, లెక్కనే మార్చిరి. నిమిషములో జారిపోవు ఇసుకగడియారమును పూసల వరుసలతో జతపరచిరి. పది ఊపిరులకొక పూస జరుపవలెను. కడపటి పూస ఎరుపు. ఇసుక యింకను జారుచుండగనే ఎఱ్ఱపూస జరిగెనా, ఆ తల్లి చేతికి మందు నందింపవలసినదే.