చెన్నపురి జంతుప్రదర్శనశాల: ఇనుపకమ్ములనుండి కందకము వఱకు

చెన్నపురియందు తరతరములుగా కాపురమున్న ఆంధ్రకుటుంబములకు జంతుప్రదర్శనశాల వట్టి వినోదస్థలము కాదు. బెజవాడనుండియో నెల్లూరినుండియో చుట్టములు రైలు దిగినచో మొదట సముద్రతీరమును, మఱునాడు జంతుశాలను చూపుట మన యిండ్లలో మర్యాదగా నుండెడిది. 1985 వఱకు అది సెంట్రలు స్టేషనునకు కూతవేటు దూరముననే యుండుటచే, తిరుగురైలునకు వ్యవధి యున్నచో మన పెద్దలు పిల్లలను అచ్చటికే కొనిపోయెడివారు. ఆ స్థలమునకు నూటడెబ్బది యేండ్ల చరిత్ర కలదు. పులి నాడును పులియే, నేడును పులియే. దానికిని మనకును నడుమనుండు అడ్డు మాత్రము మారుచు వచ్చినది. ఆ మార్పుతోబాటు చూచువారును కొంత మారవలసి వచ్చినది. ఆ కథయే యిచ్చట చెప్పబూనితిమి.

చెన్నపురి మ్యూజియము 1851లో నెలకొల్పబడినది. దాని తొలి యధికారి ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు. హిందూదేశమును గూర్చి గొప్ప విజ్ఞానకోశమును కూర్చినవాడు ఈయనయే. 1854లో మ్యూజియమునందు బ్రదికియున్న పులిని, చిఱుతను ఉంచగా, వానిని చూచుటకు వేలకొలది జనము విరుగబడి వచ్చిరి. రాళ్ళను, శాసనములను, సీసాలలోని పాములను చూడ రానివారు ప్రాణమున్న పులిని చూడ వచ్చిరని బాల్ఫరు గ్రహించెను. ఆయన కర్ణాటక నవాబును ఒప్పించి వారి జంతువులనన్నిటిని మ్యూజియమునకు దానముగా పొందెను. ఆ విధముగా 1855లో జంతుశాల యేర్పడినది. ఏడాది తిరుగునప్పటికి మృగములు, పక్షులు, సర్పాదులు కలసి మున్నూటికి మించినవి.

ఇచ్చట ఒక చమత్కారమును చెప్పవలసియున్నది. మ్యూజియము మొదట సెంటు జార్జికోట కళాశాలా భవనమున ప్రారంభమైనది. ఆ కళాశాల దొరలకు దేశభాషలు నేర్పుటకై వెలసినది. మన బ్రౌనుదొర తెలుగు నేర్చినదియు అందే. ఆ సంబంధముచేతనే కాబోలు, పామరజనుల నోట మ్యూజియమునకు కాలేజి యను పేరు నిలిచినది. కళేబరములున్న మ్యూజియము 'సెత్త కాలేజి', జీవులున్న జంతుశాల 'ఉయిర్ కాలేజి' అయినవి. అరవమున 'సెత్త' యనగా చచ్చిన, 'ఉయిర్' అనగా ప్రాణము. క్రొత్తగా వచ్చిన మన బంధువులు మొదటి పేరును 'చెత్త కాలేజి' యని విని, అంత చక్కని మేడలో చెత్త నేల దాచిరని అడిగెడివారు. ఈ ముచ్చట మన యిండ్లలో చాలకాలము నవ్వు పుట్టించినది.

మ్యూజియము ఆవరణము చాలకపోవుటచే 1863లో జంతువులను పీపుల్సు పార్కునకు తరలించి పురపాలకసంఘము వశము చేసిరి. 116 ఎకరముల యా తోటలో ఒక కొనను జంతుశాల నిలిచెను. నాడు ప్రవేశము ఉచితము. ఆ తోట నానాటికి తరిగిపోయినది. విక్టోరియా పబ్లికు హాలు, మూరుమార్కెట్టు, రిప్పను భవనము దాని నేలమీద లేచినవే. 1891లో బళ్ళారి సరసవినోదినీ సభవారు వచ్చి తెలుగు నాటకములాడి తమిళుల మెప్పును పొందినది ఆ హాలునందే. పగలు జంతుశాల, రాత్రి నాటకము అను భాగ్యము మన పూర్వులకు ఆ తోటచుట్టునే లభించినది.

మేము 1960ల చివరను బాల్యమునను, పిమ్మట ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలోను ఆ జంతుశాలను పలుమార్లు చూచితిమి. మాంసాహారుల గదులు ఇఱుకైనవి. ముందు ఇనుపకమ్ములు, వెనుక గోడ, క్రింద గచ్చునేల. పులి యీ మూలనుండి యా మూలకు, ఆ మూలనుండి యీ మూలకు నడచుచునే యుండెను. చూచువారు దానిని రాజఠీవి యని మెచ్చుకొనెడివారు. అది ఠీవి కాదు. పోవుటకు చోటును, చేయుటకు పనియు లేని బందీమృగమునకు పట్టు జాడ్యమని జంతుశాస్త్రజ్ఞులు తేల్చిరి. కోతుల యొద్ద వేరుసెనగకాయలు విసరువారును, సింహమును లేపుటకు ఈలలు వేయువారును గుమిగూడెడివారు. వెలుపల వీథిలో మోటారుల మ్రోత, స్టేషనులో రైలుకూతలు. ప్రక్కనున్న మూరుమార్కెట్టులో చిలుకలను పంజరములతో అమ్ముచుండిరి. జంతుశాల చూచి వచ్చిన పిల్లలు చిలుకను కొనిపెట్టుమని మారాము చేయుట సామాన్యము.

అట్లని కమ్ములను పెట్టినవారిని నిర్దయులనరాదు. గచ్చునేలను కడుగుట సులువు. కడిగినచో రోగములు తగ్గునని వారి నమ్మకము. ఇచ్చినంత చోటులో జంతువు ఎల్లవేళల కనబడవలెనని జనుల కోరిక. ఎక్కడనున్నను కంటబడవలసినదే యనునది ఆ కాలపు జంతుశాలల మూలసూత్రము.

దీనిని మార్చిన యూహ జర్మనీదేశమున పుట్టినది. కార్లు హాగెన్బెకు అను జంతువర్తకుడు 1907లో హాంబర్గు చేరువ కమ్ములు లేని జంతుశాలను తెఱచెను. కమ్ములకు మాఱు లోతైన కందకమును త్రవ్వించెను. చూచువారి వైపు నిలువుగోడ, జంతువు వైపు పల్లపు వాలు. పులి యెంతదూరము దూకగలదో యెంచి కందకమునకు వెడల్పు నిర్ణయింతురు. తగిన యెడమున నిలిచినవానికి కందకము కంటబడదు. మృగము ఎదుటి నేలమీదనే తిరుగుచున్నట్లు తోచును. హైదరాబాదున బాగె ఆం తోటలోని జంతువులను తరలించి, 1963 అక్టోబరు 6వ తేదీన నెహ్రూ జంతుశాలను విశాలమైన నేలలో తెఱచినపుడు మన తెలుగువారును ఈ పద్ధతిని చూచిరి.

చెన్నపురికి ఆ మార్పు కొంత యాలస్యముగ వచ్చినది. పార్కుటౌనులో పెంచుటకు చోటు లేదు. పొగయు రొదయు హెచ్చినవి. 1976లో వండలూరు రక్షితారణ్యమున 1,265 ఎకరములు ప్రత్యేకింపబడినవి. 1979లో పనులు మొదలైనవి. 1985 జూలై 24వ తేదీన ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ గారు క్రొత్త జంతుశాలను ప్రారంభించిరి. ఆ యేటి మే నెలలోనే మూరుమార్కెట్టు అగ్నికి ఆహుతియైనది. ఒక్క సంవత్సరములో మన బాల్యపు గుఱుతులు రెండు మాసిపోయినవి.

వండలూరు సెంట్రలునకు 32 కిలోమీటర్ల దూరము. తొలిదినములలో వెళ్ళివచ్చినవారి నోట ఒకటే మాట: "అంత దూరం పోయినా పులి తోకైనా కనపడలేదండీ!" మా కచేరీ గుమాస్తాలలో ఈ ఫిర్యాదు చేయనివారు అరుదు. వారి మాట నిజమే. పులికి అచ్చట పొదలున్నవి, నీడ కలదు, నీరు కలదు. ఎండవేళ అది పొదచాటున పండుకొనును. పాతచోట తప్పించుకొనుటకు వీలులేని చూపును ఇచ్చట తప్పించుకొనగలదు. జంతుశాల చరిత్రలో అన్నిటికంటె పెద్దమార్పు ఇదియే యని మా యభిప్రాయము. కనబడకుండుటకు జంతువునకు గల హక్కును మనుష్యుడు ఒప్పుకొన్నాడు. మూడు నాలుగు మారులు పోయిన పిమ్మట చూచుటలో మాకును నేర్పు కలిగినది. ప్రొద్దున్నే పోవలెను, ఒకచోట ఓపికగా నిలువవలెను, మాటలాడరాదు. అప్పుడు ఎలుగుబంటి మట్టిని కెలకుటయు, దుప్పులు చెవులు రిక్కించుటయు కనబడును. కమ్ముల వెనుకనున్న దినములలో మేము వీనిని చూచి యెఱుగము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో వచ్చిన సవరణచే, జంతుశాలలోని ప్రాణులను ఏడిపించుట, వానికి తిండిపెట్టుట, గోలచేయుట నిషేధింపబడినవి. జంతుశాలలను పర్యవేక్షించు కేంద్రసంస్థ 1992లో ఏర్పడెను. అయినను కాణుంపొంగలునాడు వండలూరికి వచ్చు జనసముద్రమును చూచినచో, గోడలు మారినంత త్వరగా మనుష్యులు మారరని తెలియును. కందకమునకును హద్దులున్నవి. 2016 డిసెంబరు 12వ తేదీన వర్దా తుపాను అచ్చటి చెట్లను పెక్కింటిని కూల్చినది. 2021 జూనులో కరోనా వ్యాధి సింహములకు సోకి, రెండు మరణించినవి. పులి దాటలేని కందకమును మనుష్యలోకపు వ్యాధి దాటినది.

ఇక మన కుటుంబములకు సంబంధించిన మాట యొకటి. పాత జంతుశాల చేరువనుండుటచే తల్లులు, నాయనమ్మలు పిల్లలతో వెళ్ళి, ప్రతి జంతువు నెదుట నిలిచి దాని పేరును తెలుగున చెప్పెడివారు. నేడు దూరము హెచ్చినది, వెళ్ళుట తగ్గినది. పిల్లలు బడిలో నేర్చిన తమిళ, ఆంగ్ల నామములతోనే సరిపెట్టుకొనుచున్నారు. ఆ నామములు నేర్వవలసినవే. మనవియు ప్రక్కన నుండవలెను. తమిళుల 'సిఱుత్తై' మన చిఱుతయే. ఆ రెండు పేర్లు తోబుట్టువులు. వారు గాడిదపులి యనెడి మృగమును మనము దుమ్ములగొండి యందుము, దుమ్ములనగా ఎముకలు. వారి పేరు రూపమును చెప్పును, మన పేరు తిండిని చెప్పును. రెండును తెలిసిన బాలునికి ఆ జంతువు రెండువైపులనుండి కనబడును. కణుజు, కొండముచ్చు, అడవిదున్న, పునుగుపిల్లి అను మాటలు ఇంటిలో పలుకువారు లేనిచో మన పిల్లలకు దక్కవు. ఆ బాధ్యత జంతుశాలవారిది కాదు, మనది.

కావున పండుగరద్దీని విడిచి, సెలవుదినమైన మంగళవారమును తప్పించి, ఒక మామూలు ఉదయమున మనవలను వెంటబెట్టుకొని వండలూరు వెళ్ళుడు. పులి కనబడినచో సంతోషమే. కనబడనిచో చెట్టునీడన కొంతసేపు కూర్చుండి, అది ఏల దాగియున్నదో వారికి తెలుగున చెప్పుడు.