కుభానదీ తీరమునుండి వలసలు



మన చారులోను పులిహోరలోను పడు ఇంగువ ఎక్కువగా మన నేల పంట కాదు. అది ఆఫ్ఘనిస్తాన్ కొండలలో మొలచు ఒక మొక్క వేరునుండి కారు పాలు. మేము పాఠశాలలో అమరకోశము వల్లించిన దినములలో ఇంగువకు బాహ్లీకము, రామఠము అను పర్యాయపదములను కంఠస్థము చేసినాము. బాహ్లీకమనగా నేటి బల్ఖు సీమయనియు, దేశము పేరే సరకు పేరైనదనియు తెలియుటకు చాల ఏండ్లు పట్టినది. మా తాతగారి కాలమున ఇంగువ, ఎండుద్రాక్ష మోసుకొని వచ్చెడి కాబూలీవారిని గూర్చి ఇంట కథలుగా చెప్పుకొనెడివారు.

ఈ ప్రసంగమునకు కారణము ఒక ప్రశ్న. విభీషణ శరణాగతి ఘట్టము చెప్పుచుండగా ఒక యువకుడు లేచి నిలిచినాడు. 2023 అక్టోబరులో పాకిస్తాన్ ప్రభుత్వము, పత్రములు లేని విదేశీయులందరు నవంబరు 1వ తేదీలోగా దేశము విడువవలెనని ఆజ్ఞ చేసినది. లక్షలాది ఆఫ్ఘనులు మూటలతో తోర్ఖం కనుమ దాటినారు. 2025లో ఇరాన్ నుండి పది లక్షలకు పైగా జనము తిరిగి పోవలసివచ్చినది. ఆ యువకుడు అడిగినది ఇది: "స్వామీ! మన గుళ్లు కూల్చినవారి సంతతి వారే కదా. ఇది కర్మఫలము కాదా? విభీషణునికి చెప్పిన ధర్మము వీరికెట్లు వర్తించును?"

మాకు కోపము రాలేదు. ఆ ప్రశ్న సభలో పలువురి మనస్సులలో ఉన్నదే. అయితే ఒక్క వాక్యములో బదులు చెప్పదగినది కాదు గనుక, మరియొకనాడు చెప్పెదమని వాయిదా వేసినాము.

ముందు ఆ నేల ఎవరిదో చూతము. ఋగ్వేదము పదవ మండలములోని నదీసూక్తములో గంగాయమునలతోపాటు కుభా, క్రుము, గోమతీ నదుల పేర్లు వచ్చును. కుభ నేటి కాబూలు నది. క్రుము కుర్రము. ఆ గోమతి మన అయోధ్యాప్రాంతపు గోమతి కాదు, గోమల్ అను నది. సువాస్తు నేటి స్వాత్. గాంధారదేశపు గొఱ్ఱెల ఉన్ని ప్రసక్తియు మొదటి మండలములో ఉన్నది. దాశరాజ్ఞ యుద్ధములో పక్థులను ఒక జనము కనబడును. నేటి పఖ్తూనుల పేరు దానినుండియే వచ్చినదని కొందరు పండితుల ఊహ. ఊహను ఊహగానే ఉంచుదము.

నిరుక్తములో యాస్కులవారు ఒక విచిత్రమైన మాట చెప్పినారు. "శవతి" అను ధాతురూపమును వెళ్లుట అను అర్థములో కాంబోజులు మాత్రమే వాడుదురట. ఆర్యులలో దాని వికారమైన "శవ" శబ్దము మాత్రమే నిలిచినదట. కాంబోజులు ఆఫ్ఘనిస్తానపు ఈశాన్యభాగమువారని చరిత్రకారులు తలతురు. ప్రాచీన పారసీకములో అదే ధాతువు వెళ్లుట అను అర్థముననే కలదు. పాణిని మహర్షి జన్మస్థానమైన శలాతురము కుభానది సింధువులో కలియు చోటికి దాపున నున్నది. కాపిశి నగరమునుండి వచ్చు సరకునకు కాపిశాయనమను పదమును సాధించుటకు ఆయన ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసినాడు. ఆ కాపిశి కాబూలునకు ఉత్తరమున నేటి బెగ్రాము.

బౌద్ధము అక్కడ వేయేండ్లు వర్ధిల్లినది. అశోకుని శాసనము ఒకటి గ్రీకు, అరమాయిక్ భాషలలో కాందహారున 1958లో దొరికినది. క్రీస్తుశకము అయిదవ శతాబ్దపు ఆరంభమున వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ స్వాత్ ప్రాంతమున ఒక చోటు చూచి, పావురము కొఱకు తన మాంసము కోసి ఇచ్చిన కథ జరిగినది ఇచ్చటనే అని అక్కడివారు చెప్పుకొనుచున్నట్లు వ్రాసినాడు. అనగా మన శిబి చక్రవర్తి కథయే. శరణు జొచ్చిన పక్షిని విడువరాదని మన పిల్లలకు చెప్పు కథకు స్థలము చూపిన నేల అది.

ఇక రాజ్యములు మారిన సంగతి. 870లో యాకూబ్ అను సఫారీ రాజు కాబూలును పట్టినాడు. హిందూ షాహీ రాజులు సింధు తీరమున ఉదభాండపురమునకు రాజధాని తరలించినారు. జయపాలుడు 1001లో పెషావరు వద్ద గజనీ మహమ్మదుచేత ఓడి, బందీయై, విడుదలయైన పిమ్మట అగ్నిప్రవేశము చేసినాడు. త్రిలోచనపాలుడు 1021లోను, భీమపాలుడు 1026లోను గతించగా వంశమే అంతరించినది. మహమ్మదు కొలువులో ఉన్న అల్బెరూనీ పండితుడే ఆ షాహీలు సత్కార్యములయందు ఎన్నడును వెనుదీయని ఉదారులని మెచ్చుకొన్నాడు. తురుష్కులు మహమ్మదుపైకి దండెత్తిరని విని, తనను జయించినవానికే తోడు వచ్చెదనని ఆనందపాలుడు లేఖ పంపిన సంగతియు ఆయన వ్రాసినదే.

మహమ్మదు దేవాలయములను కొల్లగొట్టినాడు. ఇందులో దాచవలసినది లేదు. అయితే ఆయన 1006లో ముల్తానులోని ఇస్మాయిలీ ముసల్మానులమీదను, 1029లో రయ్యి నగరమున షియా మతస్థులైన బువహీ ప్రభువులమీదను అదే కత్తి దూసినాడు. ఆయన కుమారుడు మసూదు సేనలో తిలకుడను హిందువు సేనాధిపతి. మతము పేరు చెప్పి రాజ్యము చేయువాడు ముందు పరమతస్థుని కొట్టును, పిమ్మట తన మతములోనే వేరు శాఖవానిని కొట్టును. ఆ దేశచరిత్రలో ఈ వరుస పలుమార్లు కనబడినది.

19వ శతాబ్దమున అమీరు అబ్దుర్ రహమాన్ చేసినది చూడుడు. ఆయన సున్నీ, హజారాలు షియాలు. 1891 మొదలు 1893 వరకు వారిపై సాగిన యుద్ధమును మతయుద్ధముగా ప్రకటించినాడు. చచ్చినవారు చావగా, అమ్ముడుపోయినవారు పోగా, మిగిలినవారిలో వేలమంది క్వెట్టాకు, ఇరానులోని మషహదుకు పారిపోయినారు. ఆధునిక కాలమున ఆఫ్ఘను వలసలలో తొలి పెద్ద వలస ఇదియే అనవచ్చును. ఆ 1893లోనే ఆంగ్లేయులు డ్యూరాండు గీత గీసి, పఖ్తూనుల తెగలను రెండు రాజ్యములకు పంచినారు. పిమ్మట 1895–96లో కాఫిరిస్తాన్ అను కొండసీమను అమీరు జయించి, అక్కడి జనమును మతము మార్చి, దానికి నూరిస్తాన్ అని పేరు పెట్టినాడు. ఆ కొండవారు అప్పటివరకు పూజించిన పెద్ద దేవుని పేరు ఇమ్రా. అది యమరాజ శబ్దమే అని భాషావేత్తలు చెప్పుదురు. వేదకాలపు దేవతానామమొకటి మన తాతముత్తాతల కాలము వరకు ఆ కొండలలో బ్రతికియున్నదని చదివిననాడు మాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వలస ఒకవైపే సాగలేదు. 1920లో ఖిలాఫత్ ఉద్యమకాలమున మన దేశపు ముసల్మానులు వేలకొలది ఇండ్లు వాకిండ్లు అమ్ముకొని, ధర్మభూమి అని ఆఫ్ఘనిస్తానమునకు నడిచిపోయినారు. మక్కానుండి మదీనాకు 622లో తమ ప్రవక్త వెళ్లిన హిజ్రత్తే వారికి ఆదర్శము. కొలది మాసములలో అమీరు తలుపు మూసినాడు. చాలమంది సర్వము పోగొట్టుకొని తిరిగివచ్చినారు.

1978 ఏప్రిలులో కమ్యూనిస్టులు కాబూలున అధికారమును చేజిక్కించుకొన్నారు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగినవి. నాస్తిక ప్రభుత్వముపై యుద్ధము జిహాదు అయినది. ఇల్లు విడిచినవాడు ముహాజిరు అయినాడు. ముహాజిరుకు ఆశ్రయమిచ్చుట మదీనావాసుల పుణ్యమువంటిదని పెషావరులో చెప్పినారు. అమెరికా, సౌదీ ధనము, ఆయుధములు పాకిస్తాన్ చేతులమీదుగా పోరాడువారికి చేరినవి. 1990 నాటికి పాకిస్తాన్, ఇరానులలో కలిపి అరువది లక్షల మంది శరణార్థులు! వీరిలో అత్యధికులు ముసల్మానులే. నాస్తికుల బాంబులకు పారిపోయిన ఆ జనపు పిల్లలు శిబిరముల మదరసాలలో పెరిగినారు. 1994లో కాందహారున తాలిబానులు తలయెత్తినప్పుడు వారి సేనలో చేరినవారిలో ఇట్టివారు అనేకులు. సోవియట్ సేనలు 1989 ఫిబ్రవరిలో వెళ్లినవి. 1992లో కాబూలు ప్రభుత్వము పడినది. గెలిచినవారు తమలో తాము కొట్టుకొన్నారు. కాబూలులోని హిందువులు, సిక్కులు పెక్కుమంది దేశము విడిచినది ఆ అంతర్యుద్ధకాలముననే.

1996 సెప్టెంబరులో తాలిబానులు కాబూలు పట్టినారు. 1998 ఆగస్టులో మజారె షరీఫ్ పట్టణమున హజారాలను ఇండ్లలోనుండి ఈడ్చి వేలమందిని చంపినారు. 2001 మార్చిలో బామియాన్ బుద్ధవిగ్రహములు రెండింటిని పేల్చినారు. ఒకటి 55 మీటర్లు, మరియొకటి 38 మీటర్లు. ఆ విగ్రహముల పాదముల చెంత గుహలలో తరతరాలుగా కాపురమున్నది హజారా ముసల్మానులే అన్న సంగతి మనవారిలో ఎందరికి తెలియును? బుద్ధుని పడగొట్టిన చేయియే వారిని తరిమినది.

ఆ 2001లోనే హిందువులు పసుపుపచ్చని గుడ్డగుర్తు ధరింపవలెనని ఆజ్ఞ వచ్చినది. పిమ్మట పాలకులు మారినను, 2018 జూలైలో జలాలాబాదున, 2020 మార్చిలో కాబూలు గురుద్వారములో, 2022 జూన్‌లో మరియొక గురుద్వారములో దాడులు జరిగినవి. 2021 ఆగస్టు 15న తాలిబానులు తిరిగి వచ్చినారు. ఆ మాసముననే గురుగ్రంథసాహిబు ప్రతులు మూడింటిని భక్తులు తలపై మోసికొని విమానమెక్కి ఢిల్లీ చేరినారు. హైదరాబాదు విశ్వవిద్యాలయములలో చదువుచున్న ఆఫ్ఘను విద్యార్థులు ఆ దినములలో ఇంటికి పోలేక, ఇచ్చట ఉండలేక అల్లాడినారు. అక్కడ బాలికల చదువు ఆరవ తరగతితో ఆగిపోయినది.

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్న. నాయనా! కర్మ చేసినవానిని అనుసరించును గాని, నేలను, జాతి పేరును అనుసరింపదు. గజనీ మహమ్మదు చేసినదానికి తోర్ఖం వద్ద చలిలో కూర్చున్న పసివాడు ఫలమనుభవించుచున్నాడని చెప్పుటకు మనకు ఏ శాస్త్రము అధికారమిచ్చినది? మజారున చచ్చిన హజారా ఏ గుడి కూల్చినాడు? విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అడిగినదియు ఇట్టి ప్రశ్నయే: శత్రువు తమ్ముడు, శత్రువు జాతివాడు, ఎట్లు నమ్ముదుమని. రాముడు జాతిని చూడలేదు, వచ్చి నిలిచినవానిని చూచినాడు.

ఇంకొక సంగతి. పఖ్తూనుల కులాచారమున "ననవాతై" అని ఒకటి కలదు. ఇంటికి వచ్చి శరణన్నవాడు పగవాడైనను గృహస్థు అతనిని కాపాడవలెను. కాపాడలేనివానికి తెగలో తలవంపులు. ఇది వారికి మతగ్రంథమునుండి వచ్చినది కాదు, తాతలనాటి కట్టుబాటు. ఎవరినుండి ఎవరు నేర్చినారో మేము చెప్పజాలము. ఫాహియాన్ శిబికథ విన్నది మాత్రము ఆ సీమలోనే.

ఏ దేశము ఎవరిని ఉంచుకొనవలెనన్నది పాలకుల పని. మన దేశము 2019లో చేసిన పౌరసత్వ చట్టసవరణలో ఆఫ్ఘనిస్తానపు హిందువులకు, సిక్కులకు చోటున్నది, హజారాలకు లేదు. ఆ వాదము ఇచ్చట చేయబోము. కాని వారిని తలచునప్పుడు మన నోట ఏ మాట రావలెనన్నది మన పని.

కాబూలు నగరమున ఒక కొండకు ఆసామాయి అని పేరు. దాని క్రింద అమ్మవారి గుడి. ఆ గుడి వదలి పోయినవారు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున, న్యూయార్కు సమీపమున కట్టుకొన్న గుళ్లకు ఆసామాయి అనియే పేరు పెట్టుకొన్నారు.

రేపు సాయంకాలము విభీషణ శరణాగతి శేషభాగము చెప్పుకొందము.