గోడ మీది గీత నుంచి పుస్తకం పేజీ దాకా



మా హాస్టల్లో గోడకు బొమ్మ వేద్దామంటే పిల్లలు ముందుగా ఫోన్ అడుగుతారు. అందులో దొరికిన కార్టూన్‌నో, ఎవరో వేసిన డిజైన్‌నో చూసి దించుతారు. ఆధునిక కళ, గ్రాఫిక్ డిజైన్, భవన నిర్మాణం అంటే పట్నం వాళ్ల చదువులని, మనం దూరం నుంచి చూసి నేర్చుకోవాల్సినవని మనలో చాలామందికి ఒక నమ్మకం. గత నలభై ఏళ్ల చరిత్ర మాత్రం వేరే మాట చెబుతోంది.

1981: రెండు సంగతులు

1981 అనగానే ఆదిలాబాద్ గోండులకు ఇంద్రవెల్లి గుర్తొస్తుంది. ఏప్రిల్ 20న భూమి హక్కు అడగడానికి వచ్చిన మన పెద్దల మీద తుపాకులు పేలాయి. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లో ఇంకో సంగతి జరిగింది. భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం సిద్ధమవుతోంది. అందులోని రూపంకర్ మ్యూజియం బాధ్యత చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్‌ది. ఆదివాసీ కళను పాతకాలపు వస్తువుగా అద్దాల పెట్టెలో పెట్టకూడదని, నేటి కళగా నగర చిత్రకారుల బొమ్మల సరసనే ఉంచాలని ఆయన పట్టుబట్టారు. కళాకారుల కోసం యువకులను పల్లెలకు పంపారు.

అలా వెళ్లినవారికి పాటన్‌గఢ్ అనే పల్లెలో ఒక ఇంటి గోడ మీద బొమ్మ కనిపించింది. వేసినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్, ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పర్ధాన్ యువకుడు. మన ప్రధాన్లు ఇక్కడ కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడినట్టే, అక్కడి పర్ధాన్లు బానా వాయిస్తూ బడాదేవ్ కథలు పాడేవారు. పాడించుకునే ఇళ్లు తగ్గిపోతున్న రోజుల్లో, పాటలో ఉన్న దేవతలు జన్‌గఢ్ చేతిలో బొమ్మలయ్యారు.

భోపాల్‌లో ఆయనకు కాగితం, కాన్వాస్, కొత్త రంగులు, ముద్రణ యంత్రాలు దొరికాయి. సాధనాలు కొత్తవి, చెయ్యి మాత్రం పాతదే. ఒంటి మీది పచ్చబొట్టు చుక్కలు, ఆడవాళ్లు గోడల మీద, వాకిళ్లలో రంగుమట్టితో వేసే ‘డిగ్నా’ ముగ్గులు ఆయన వర్ణాల్లో కొత్త రూపం తీసుకున్నాయి. 1989లో పారిస్‌లో ప్రపంచం నలుమూలల నుంచి వందమందికి పైగా కళాకారులతో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు ఉన్నాయి. ఆ పద్ధతికి ‘జన్‌గఢ్ కలం’ అనే పేరు నిలిచింది.

భవనాలు చెప్పే పాఠం

భారత్ భవన్‌ను కట్టింది చార్లెస్ కొరియా. 1982 ఫిబ్రవరిలో అది తెరుచుకుంది. దూరం నుంచి చూస్తే భవనంలా కనిపించదు. పెద్ద చెరువు ఒడ్డున కొండవాలును చెడగొట్టకుండా మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. గదుల మధ్య ఆకాశం కనిపించే వాకిళ్లు ఉంటాయి. ఎండను, గాలిని, నేల వాలును చూసి ఇల్లు కట్టడం మన తాతలకు తెలిసిన పనే. పెద్ద ఆర్కిటెక్టు కూడా అదే లెక్కతో కట్టారు. ఆయనే కట్టిన మధ్యప్రదేశ్ శాసనసభ భవనంలో జన్‌గఢ్ గోడచిత్రాలు వేశారు. పల్లె ఇంటి గోడ మీద మొదలైన చెయ్యి రాష్ట్రానికి చట్టాలు చేసే ఇంటి గోడ దాకా వెళ్లింది.

పుస్తకం లోపలికి

జన్‌గఢ్ తన ఊరివాళ్లను పిలిచి పని నేర్పారు. వారిలో భజ్జు శ్యామ్ ఒకరు. లండన్ వెళ్లి ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేసి వచ్చి, 2004లో చెన్నైలోని తారా బుక్స్‌తో ‘ద లండన్ జంగిల్ బుక్’ చేశారు. అందులో విమానం రెక్కలున్న ఏనుగు. బిగ్ బెన్ గడియారం పొద్దును చెప్పే కోడిపుంజు. నమ్మకంగా ఇల్లు చేర్చే బస్సు కుక్క. ఆయన లండన్‌ను చూసి బెదిరిపోలేదు, నకలూ దించలేదు. తన కథల కళ్లతో చూశారు.

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు అంబేద్కర్ జీవితాన్ని ‘భీమాయన’గా బొమ్మల్లో చెప్పారు. 2011లో వచ్చిన ఆ పుస్తకంలో మనుషులను చదరపు గళ్లలో బంధించలేదు, పేజీలను డిగ్నా గీతలతో విడదీశారు. మెత్తని మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. విషపు మాటకు తేలుకొండి ఉంటుంది. నాయనమ్మ దగ్గర నేర్చిన ముగ్గు ఇలా గ్రాఫిక్ డిజైన్ అయ్యింది. దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

మరిచిపోకూడని మాట

ఈ చరిత్రలో వెలుగు ఒక్కటే లేదు. 2001 జులైలో జన్‌గఢ్ జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ, నలభై ఏళ్లు దాటీ దాటకముందే ఊరికి దూరంగా ప్రాణం తీసుకున్నారు. ఎంత ప్రతిఫలానికి వెళ్లారు, ఏ ఒప్పందం మీద వెళ్లారు అని దేశంలోని కళాకారులు అడిగారు. అంత పేరున్న మనిషికే అండ కరువైంది. కాబట్టి మన కళకు పేరు రావడం ఒక్కటే సరిపోదు. గీసిన చేతికి తగిన ధర, కాగితం మీద ఒప్పందం, కష్టంలో మాట్లాడే తోడు కూడా ఉండాలి.

మన దగ్గర ఏముంది?

పాటన్‌గఢ్ బొమ్మలను దించితే మనం ఇంకొకరి నీడే అవుతాం. మనకు మన సొత్తు ఉంది. దండారిలో గుస్సాడి నెమలీకల టోపీని మించిన డిజైన్ పాఠం ఏముంది? మర్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చింది ఆ ఆటే. ఓజాల ఇత్తడి పోతకు 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నార్నూర్ మండలం గుంజాలలో కొద్దిమంది పెద్దలు చదవగలిగిన గోండి లిపికి అదే ఏడాది యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు ఆ అక్షరాలను ఫోన్‌లో టైపు చేయవచ్చు. వాటికి అందమైన ఫాంట్లు, పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేయాల్సిన చేతులు ఎవరివి? మీవే.

మా మాటగా కొన్ని పనులు చెబుతాం. ఫోన్ తెరిచేముందు అమ్మమ్మను, నాయనమ్మను అడగండి. వారి పచ్చబొట్టుకు పేరేమిటో, ఆ గీతకు అర్థమేమిటో నోటుబుక్కులో రాసుకోండి. పేరున్న చిత్రకారుల పని, మంచి భవనాలు, మంచి పుస్తకాలు తప్పక చూడండి. చూసి వారి గీతను కాక వారి ధైర్యాన్ని తెచ్చుకోండి. వేసిన ప్రతి బొమ్మ కింద మీ పేరు, ఊరి పేరు, నేర్పినవారి పేరు రాయండి. పని ఇచ్చినవారిని ధర అడగడానికి మొహమాటపడకండి. డిజైన్, ఆర్కిటెక్చర్ కోర్సులకు దరఖాస్తు చేయాలనుకుంటే మీ వార్డెన్‌ను, మీ టీచర్‌ను అడగండి. ఆ ఫారాలు నింపడం మా పని, గీత గీయడం మీ పని.